మడ్‌గార్డు మీద ఏనుగు

మా ఇంట్లో ఒక ఫోటో వెనక ఇంకో ఫోటో ఉండేది. ముందున్నది తిరుపతి వెంకన్నది. కాచిగూడలో పాత ఇల్లు ఖాళీ చేస్తున్నప్పుడు, ఫ్రేము వెనక అట్టకి చెదలు పట్టిందేమోనని మేకులు పీకి చూస్తే, దేవుడికీ అట్టకీ మధ్య నుంచి అరచేయంత నలుపు తెలుపు ఫోటో జారి పడింది. ఒక ఆర్మర్డ్ కారు. దాని ముందు మడ్‌గార్డు మీద చెయ్యేసి నవ్వుతున్న పదహారేళ్ళ పిల్లగాడు. వెనకాల మసగ్గా కాచిగూడ స్టేషన్ గుమ్మటాలు.

ఆ పిల్లగాడు మా పెద్దతాత. మా తాతకి సొంత అన్న.

"గది ఎందుకు తీసినవ్ బిడ్డా, లోపల పెట్టు" అంది మా మేనత్త. చేతిలోంచి లాక్కోలేదు గానీ, చూడనట్టు అటు తిరిగి గిన్నెలు సర్దుకుంది. ఆ రోజు సాయంత్రానికి కొంత చెప్పింది. మిగతాది రాబట్టడానికి నాకు రెండేళ్ళు పట్టింది.

తాతకి అప్పుడు పదేళ్ళు. ఆ ఫోటో తీసినప్పుడు పక్కనే ఉన్నాడట. ఆ బండి నిజాం ఫౌజుదని జీవితాంతం చెప్పాడు. సాక్ష్యం ఏమిటంటే బండి ముందు పసుపు రంగు గుండ్రటి ముద్ర. "కుల్చా. నా కండ్లతోటి చూసిన" అనేవాడట. అసఫ్‌జాహీ జెండాలో పసుపు రంగు, మధ్యలో గుండ్రటి కుల్చా ఉంటాయి కదా. మొదటి నిజాం ఒక సూఫీ సాధువు దగ్గర ఏడు కుల్చాలు తిన్నాడనీ, ఏడు తరాలు ఏలతావని సాధువు దీవించాడనీ కథ. హైదరాబాదులో పెరిగిన ఏ పదేళ్ళ పిల్లవాడైనా 1948లో పసుపు గుండ్రం చూస్తే అనుకునేది అదే.

ఇది మామూలు నింద కాదు. ఆ ఏడాది ఆగస్టు 21 రాత్రి ఈ కాచిగూడ ప్రాంతంలోనే 'ఇమ్రోజ్' ఉర్దూ పత్రిక సంపాదకుడు షోయబుల్లా ఖాన్ మీద దాడి చేసి చెయ్యి నరికి చంపారు. హైదరాబాద్ ఇండియాలో కలవాలని రాయడమే ఆయన చేసిన నేరం. అదే నెలాఖరులో బైరాన్‌పల్లి జరిగింది. అలాంటి రోజుల్లో, అలాంటి పేటలో, నిజాం ఫౌజు బండి మీద చెయ్యేసి నవ్వుతూ ఫోటో దిగిన వాణ్ణి ఏమనుకోవాలి? తాత అనుకున్నదేదో అనుకున్నాడు. అన్నదమ్ములిద్దరూ నలభై ఏళ్ళు సరిగా మాట్లాడుకోలేదు. మధ్యలో ఇంటి వాటాల గొడవా ఉందనుకోండి, అంతా ఫోటో మీదకే నెట్టెయ్యను. పెద్దతాత మాత్రం ఎన్నడూ "కాదు, అది యూనియనోళ్ళ బండి" అనలేదట. ఒక్కసారి కూడా. ఆ మౌనాన్నే తాత ఒప్పుకోలు అనుకున్నాడు.

సరే, బండి ఎవరిది? బండిని చూసి చెప్పలేం. అది హంబర్ ఆర్మర్డ్ కారు. రెండో ప్రపంచ యుద్ధంలో ఇంగ్లండులో రూట్స్ గ్రూపు వాళ్ళు మూడున్నర వేల పైచిలుకు తయారుచేసిన రకం. ఏడు టన్నుల బరువు, నాలుగు చక్రాలు, పైన తిరిగే టరెట్. 1948 సెప్టెంబరులో హైదరాబాదు మీదకి వచ్చిన భారత సైన్యం దగ్గర ఇవి ఉన్నాయి. నిజాం సైన్యం దగ్గరా ఆర్మర్డ్ కార్లు ఉండేవి, అవీ బ్రిటిష్ వాళ్ళ చేతి మీదుగా వచ్చినవే. ఒకే గురువు దగ్గర నేర్చుకున్న రెండు సైన్యాలు, ఒకే కార్ఖానాల సామాను. అలాంటప్పుడు మనవాడెవడో పరాయివాడెవడో చెప్పేది ఇనుము కాదు, దాని మీది రంగు.

నాకు ఈ పిచ్చి పట్టించింది అబిడ్స్. ఆదివారం ఫుట్‌పాత్ మీద, ఇంజనీరింగ్ ఎంట్రన్స్ గైడ్ల గుట్ట కింద, అట్ట ఊడిపోయిన ఇంగ్లీషు పుస్తకం ఒకటి దొరికింది. యుద్ధకాలంలో బ్రిటిష్ వాహనాల మీద వేసిన గుర్తుల గురించి. నూట యాభై అన్నాడు, ఎనభైకి ఇచ్చాడు. పురుగు తిన్న కాగితాల్లో రంగురంగుల చదరాలు, త్రికోణాలు, ఎలుకలు, ఎద్దులు. మొదట బాలశిక్షలా అనిపించింది. నిజంగానే అది ఒక బాలశిక్ష. అక్షరాలు నేర్చుకుంటే బండి తన కులగోత్రాలు చెప్పేస్తుంది.

పద్ధతి ఇలా ఉంటుంది. బండికి పుట్టుకతో ఒక నంబరు, ముందు ఒక అక్షరం. 'టి' అంటే ట్యాంకు, 'ఎఫ్' అంటే ఆర్మర్డ్ కారు, 'ఎల్' అంటే లారీ. ఇది బండి చచ్చేదాకా మారదు. మా ఫోటోలో కారు పక్క భాగం ఫ్రేములోకి రాలేదు కాబట్టి దాన్ని వదిలేద్దాం. మిగతావి యూనిట్ మారితే మారే గుర్తులు. టరెట్ మీద వజ్రం ఆకారం ఉంటే రెజిమెంట్ హెడ్‌క్వార్టర్స్, త్రికోణం ఉంటే ఎ స్క్వాడ్రన్, చదరం బి, గుండ్రం సి. అదే ఆకారం ఎరుపులో ఉంటే బ్రిగేడ్‌లో సీనియర్ రెజిమెంట్, పసుపైతే రెండోది, నీలమైతే మూడోది. ఇక మడ్‌గార్డుల మీద రెండు ముద్రలు. ఒకవైపు రంగు చదరంలో తెల్లటి అంకె, ఇది డివిజన్ లోపల ఏ యూనిట్టో చెబుతుంది. రెండోవైపు అసలు ఏ డివిజనో చెప్పే బొమ్మ.

ఈ రెండిట్లో తెలివి ఎక్కడుందంటే, అంకె ఒక్కటీ చూస్తే ఏమీ తెలియదు. 51 అనే అంకె ఎర్ర చదరంలో ఉంటే ఆర్మర్డ్ డివిజన్లో మొదటి ట్యాంకు రెజిమెంట్ అని అర్థం, కానీ ఏ రెజిమెంటో తెలియాలంటే పక్కనున్న బొమ్మ కూడా చదవాలి, పైగా ఆ డివిజన్లో ఎవరెవరున్నారో పట్టిక తెలిసుండాలి. దారి తప్పిన లారీ డ్రైవరుకీ, కూడలిలో నిలబడ్డ మిలటరీ పోలీసుకీ చాలినంత సమాచారం, శత్రువుకి చాలనంత. యుద్ధం రోజుల్లో పత్రికలకిచ్చే ఫోటోల్లో సెన్సారు వాళ్ళు ఈ ముద్రల్ని గీకేసేవాళ్ళు కూడా. పాత ఫోటోల్లో మడ్‌గార్డు మీద తెల్లగా అలికినట్టుంటే అది దుమ్ము కాదు, సెన్సారు బ్లేడు.

డివిజన్ బొమ్మలు మాత్రం భలే సరదా. ఎడారిలో తిరిగిన బ్రిటిష్ 7వ ఆర్మర్డ్ డివిజన్‌కి ఎడారి ఎలుక, 11వ దానికి పసుపు మీద నల్ల ఎద్దు, గార్డ్స్ డివిజన్‌కి రెప్పవేయని కన్ను. మన ఇండియన్ డివిజన్లలో 4వ దానికి ఎర్ర గద్ద, 17వ దానికి నల్ల పిల్లి, 7వ దానికి బంగారు బాణం. జంతువులే ఎందుకు అంటే, దుమ్ములో, చీకట్లో, నిద్ర కళ్ళతో, చదువు రాని సిపాయి కూడా గుర్తుపట్టాలి. 1951-52లో మొదటి ఎన్నికలప్పుడు కాడెద్దుల గుర్తు బ్యాలెట్ పెట్టెకి ఎక్కడం వెనకా ఉన్నది ఇదే ఆలోచన. తేడా ఏమిటంటే ఇక్కడ తప్పు గుర్తు చూసుకుంటే ఓటు పోదు, ప్రాణం పోతుంది.

ఇక ఐదో ముద్ర. బండి ముందు భాగంలో పసుపు రంగు గుండ్రం, లోపల నల్లటి అంకె. ఇది వంతెన ముద్ర. బండి ఎంత బరువు తరగతిదో టన్నుల లెక్కన చెబుతుంది. వంతెన దగ్గర కూడా ఒక అంకె రాసి పెడతారు. బండి అంకె వంతెన అంకె కన్నా పెద్దదైతే ఎక్కకూడదు, అంతే. కాపలా సిపాయికి ఇంజనీరింగు రానక్కర్లేదు, ఏది పెద్దదో తెలిస్తే చాలు. సికింద్రాబాదు నుంచి బొల్లారం వైపు వెళ్తుంటే ఎదురొచ్చే ఆర్మీ లారీల ముందు ఆ పసుపు గుండ్రం ఇప్పటికీ కనిపిస్తుంది. నంబరు ప్లేటు మీద పైకి చూసే బాణం కూడా బ్రిటిష్ వాళ్ళు సర్కారు సామాను మీద కొట్టిన ముద్ర నుంచి వచ్చిందే. జెండా మారినా పెయింటు డబ్బా మారలేదు.

ఈ పేజీ దగ్గర చదవడం ఆపేశాను. అబిడ్స్ జనరల్ పోస్టాఫీసు ముందు, బస్టాపులో.

తాత చూసింది కుల్చా కాదు. వంతెన ముద్ర. ఆయన కళ్ళు మోసం చెయ్యలేదు. పసుపే, గుండ్రమే. పదేళ్ళ పిల్లవాడు రంగునీ ఆకారాన్నీ డెబ్భై ఏళ్ళొచ్చేదాకా తు.చ. తప్పకుండా గుర్తుపెట్టుకున్నాడు. అర్థం ఒక్కటే తప్పు. బండి ఏడు టన్నులని రాసి ఉన్న చోట ఆయన తన అన్న ద్రోహాన్ని చదివాడు.

ఇంటికొచ్చి మేనత్తకి చెప్పాను. ఆమె లెక్చరరుగా చేసి రిటైరైంది, తేలిగ్గా వదలదు. "మరి గా వంతెన ముద్ర నిజాం బండ్లకు ఉండదా?" అని అడిగింది. ఉండొచ్చు. బ్రిటిష్ వాళ్ళ దగ్గర కొన్న బండికి వాళ్ళ ముద్రలు రాకుండా ఎలా ఉంటాయి? అంటే పసుపు గుండ్రం తాత వాదాన్ని కొట్టేసింది గానీ, పెద్దతాత వాదాన్ని నిలబెట్టలేదు. పైగా పెద్దతాత వాదమంటూ ఒకటి లేనే లేదు.

అప్పుడిక ఫోటోని కోఠీలో ఒక స్టూడియోకి తీసుకెళ్ళి, వీలైనంత పెద్దగా స్కాన్ చేయించాను. కంప్యూటర్ తెర నిండా మా పెద్దతాత చెయ్యి. గోళ్ళలో మట్టి కూడా కనిపిస్తోంది. ఆ చేతి కింద నల్లటి చదరం. చదరంలో తెల్లగా 4. దాని పక్కన ఇంకో అంకె ఉంది, కానీ ఆయన అరచెయ్యి సరిగ్గా దాని మీదే ఉంది. సెన్సారు బ్లేడు చెయ్యాల్సిన పని మా పెద్దతాత చేత్తో చేశాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఇక్కడ ఒక చిక్కు. ఫోటోలో నల్లగా ఉన్నంత మాత్రాన అది నలుపు కాదు. ఆ రోజుల్లో బాక్స్ కెమెరాల్లో వేసే చవక ఫిల్ము, కొడాక్ వెరిక్రోమ్ లాంటిది, ఎరుపు రంగుని పట్టుకోలేదు. ఎరుపు నలుపుగా పడుతుంది, నీలం తెల్లబడుతుంది. కుంకుమ బొట్లు పాత పెళ్ళి ఫోటోల్లో కాటుక చుక్కల్లా కనిపించేది అందుకే. కాబట్టి చదరం ఎరుపైనా కావచ్చు, నలుపైనా కావచ్చు. యుద్ధకాలపు బ్రిటిష్ పట్టికలో 40 అంటే ఆర్మర్డ్ డివిజన్ హెడ్‌క్వార్టర్స్, నల్ల చదరం. 45 అంటే ముందు వెళ్ళి దారి చూసే రికనైసెన్స్ రెజిమెంట్, దాని చదరం పైన ఆకుపచ్చ, కింద నీలం, అంటే ఈ ఫిల్ములో రెండు ఛాయలుగా పడాలి. మా ఫోటోలో ఒకటే ఛాయ. నలభై అనిపిస్తోంది. కానీ అరచేతి కిందున్న అంకె మీద నేను పందెం కాయను.

పందెం అవసరం రాలేదు. రెండో మడ్‌గార్డు మీద అంతా బురద. స్టూడియో కుర్రాడు కాంట్రాస్టు పెంచుతూ పోయాడు. బురద చారల మధ్య నుంచి మొదట ఒక కాలు వచ్చింది. తర్వాత వంపు తిరిగిన గీత. "సార్, తొండం" అన్నాడు వాడు, నాకన్నా ముందు.

ఏనుగు.

ఆ ఏనుగు కథ చెప్పాలి. 1940లో ఇండియన్ ఆర్మీలో మొదలైన మొట్టమొదటి ఆర్మర్డ్ డివిజన్‌కి యుద్ధం మధ్యలో 31 అని నంబరు మార్చారు. గుర్తు ఏనుగు. ఇరాక్, ఇరాన్, సిరియాల్లో తిరిగింది. దానికి చెందిన మోటార్ బ్రిగేడ్ ఒకటి 1942లో లిబియా ఎడారిలో రోమెల్ ట్యాంకుల కింద నలిగిపోయింది గానీ, డివిజన్ మొత్తంగా ఆ యుద్ధంలో పెద్ద పోరాటం చూడకుండానే ఇంటికొచ్చింది. యుద్ధమయ్యాక మళ్ళీ 1వ ఆర్మర్డ్ డివిజన్ అయింది. 1948 సెప్టెంబరు 13 తెల్లవారుజామున మేజర్ జనరల్ జయంతనాథ్ చౌధురి నాయకత్వంలో షోలాపూర్ దిక్కు నుంచి హైదరాబాదు సంస్థానంలోకి అడుగుపెట్టింది ఈ డివిజనే. నల్దుర్గ్ దగ్గర మొదటి పోరు. ఉమర్గా, రాజేశ్వర్, జహీరాబాద్. 17న సాయంత్రం నిజాం కాల్పులు ఆపమన్నాడు. 18న నిజాం సేనాధిపతి ఎల్ ఎద్రూస్ చౌధురికి లొంగిపోయాడు. దాన్ని ఇప్పుడు ఐరావత్ డివిజన్ అంటారు. బాగ్దాద్ ఇసుకలో ఊరికే నిలబడిన ఏనుగు, అసలు దండయాత్రకి వచ్చింది మన ఊరికన్నమాట.

(ట్యాంకు అనే మాట కూడా ఇటు నుంచి వెళ్ళిందేనని ఒక వాదం. మన చెరువుల్ని ఇంగ్లీషు వాళ్ళు ట్యాంకులన్నారు. ఆ మాట పోర్చుగీసుదా, గుజరాతీదా అని నిఘంటుకారులు ఇంకా కొట్టుకుంటున్నారు. 1915 చివర్లో కొత్త ఆయుధం తయారీని రహస్యంగా ఉంచడానికి నీళ్ళ తొట్టి అని అబద్ధం చెప్పి, అదే పేరు ఖాయం చేశారు. హుస్సేన్‌సాగర్ పక్కన ట్యాంక్‌బండ్ మీద నడుస్తూ చిన్నప్పుడు నేను ఫిరంగి కోసం వెతికిన మాట నిజం.)

అయితే ఫోటో 18 తర్వాతది. పెద్దతాత చెయ్యేసింది యూనియన్ సైన్యం బండి మీద. ఊరంతా దండలేసిన బండి మీద. స్కాన్ ప్రింటు తీసి, ఏనుగు చుట్టూ పెన్సిలుతో సున్నా చుట్టి, ఏదో కేసు గెలిచినట్టు మేనత్త ముందు పెట్టాను.

ఆమె కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు చూసింది. "ఏనుగే" అంది. "మీ తాతకు తెల్వకనే పాయె." ఇంకాసేపాగి, "గట్లయితే మా పెదనాయన ఎందుకు చెప్పలే?" అంది.

నేను ఆ ప్రశ్న వేసుకోలేదు. బండి ఎవరిదో తెలిస్తే కథ అయిపోతుందనుకున్నాను.

అప్పుడు చెప్పింది ఆమె, రెండేళ్ళుగా చెప్పనిది. పెద్దతాతకి తెలుగు, ఉర్దూ, మరాఠీ మూడూ వచ్చు. పోలీస్ యాక్షన్ అయిన వారం పది రోజులకి ఎవరో దుబాసీ పనికి పిలిస్తే వెళ్ళాడట, బీదర్ దిక్కు. ఎవరితో, ఏ బండిలో అన్నది ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. నెల దాటాక ఒక రాత్రి కాచిగూడ స్టేషన్లో దిగి నడిచొచ్చాడు. వచ్చినవాడు నూతి దగ్గర కూర్చుని చాలాసేపు నీళ్ళు పోసుకున్నాడట. వాళ్ళమ్మ అన్నం పెడితే తినలేదట. ఆ తర్వాత ఎప్పుడో ఆ ఫోటోని చింపబోతే, వాళ్ళమ్మే లాక్కుని దేవుడి వెనక పెట్టింది. కొడుకు నవ్వుతున్న ఫోటో అదొక్కటే ఉంది కాబట్టి.

బీదర్ దిక్కు అన్న మాట వినగానే నా చేతిలో పెన్సిలు బరువెక్కింది. పోలీస్ యాక్షన్ తర్వాత ఊళ్ళల్లో ఏం జరిగిందో చూసి రమ్మని నెహ్రూ ప్రభుత్వం పంపిన ముగ్గురు, పండిత్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీ, 1948 నవంబరు, డిసెంబరుల్లో సంస్థానం తిరిగారు. రజాకార్లు అంతకుముందు చేసిన ఘోరాల్ని వాళ్ళు దాచలేదు. ఆ తర్వాత ముస్లింల మీద జరిగిన వాటినీ దాచలేదు. పోలీస్ యాక్షన్ సమయంలోనూ, తర్వాతా కనీసం 27 వేల నుంచి 40 వేల మంది ప్రాణాలు పోయాయని వాళ్ళ అంచనా. అన్నిటికన్నా ఘోరంగా దెబ్బతిన్న జిల్లాలని నాలుగు పేర్లు రాశారు. ఉస్మానాబాద్, గుల్బర్గా, నాందేడ్, బీదర్. ఆ నివేదిక జనం చదవడానికి బయటికి రావడానికి 2013 దాకా పట్టింది. ఇంకో విధంగా చెప్పాలంటే, మా పెద్దతాత అప్పటికే పోయాడు, తాత కూడా పోయాడు.

ఆయన ఏం చూశాడో నేను ఊహించి రాయను. రాస్తే కథవుతుంది, ఇది కథ కాదు. ఒక్కటి మాత్రం లెక్క సరిపోతోంది. ఫోటోలో నవ్వు సెప్టెంబరుది. మౌనం అక్టోబరుది. తాత ఆ మౌనానికి తప్పు ముద్ర వేశాడు, నేను ఏనుగు చుట్టూ పెన్సిలు సున్నా చుట్టి ఇంకో ముద్ర వెయ్యబోయాను. యూనియన్ బండి అని తేలితే పెద్దతాత మీది మచ్చ పోతుందని నేను అనుకున్నప్పుడు, ఆయన ఆ ఫోటోని చింపాలనుకున్నది సరిగ్గా అది యూనియన్ బండి అయినందుకే కావచ్చునన్న సంగతి నాకు తట్టలేదు.

అబిడ్స్ పుస్తకంలో ప్రతి గుర్తుకీ ఒక పట్టిక ఉంది. ఫోటోలో ఇంకా చదవాల్సినవి మిగిలే ఉన్నాయి. టరెట్ మీద తెల్లటి త్రికోణం లాంటిది ఒకటి సగం కనిపిస్తోంది. నిజంగా త్రికోణమే అయితే ఎ స్క్వాడ్రన్, అప్పుడు నా 40 లెక్క తప్పుతుంది, ఎందుకంటే డివిజన్ హెడ్‌క్వార్టర్స్ బండికి స్క్వాడ్రన్ గుర్తుతో పనిలేదు. లేదా అది త్రికోణం కాదు, ఎండ పడిన మడత. మొదట్లో అయితే ఈ విషయం తేలేదాకా నిద్రపోయేవాణ్ణి కాదు.

కొత్త అపార్ట్‌మెంటులో గోడకి వెంకన్న ఫోటో తగిలించే రోజున మేనత్త వచ్చింది. ఫ్రేము కొత్తది, వెనక ప్లైవుడ్డు. చెదలు పట్టదని షాపువాడు చెప్పాడు. పాత ఫోటో నా సంచిలో ఉంది. ఎక్కడ పెడదాం అత్తా అని అడిగాను. ఆమె దాన్ని తీసుకుని, కొంగుతో తుడిచి, వేలితో ఏనుగుని కాదు, ఆ చేతిని ఒకసారి తాకింది.

"గోళ్ళు చూడు, ఎంత మట్టి ఉన్నదో" అంది. "మా నాయనమ్మ తిట్టి ఉంటది."

ఫోటో ఇప్పుడు ఆమె దగ్గరే ఉంది.